అందుకున్న గొంతు

మీరు నవ్వినా సరే, ఇది జరిగింది. కట్టుకథే చెప్పాలనుకుంటే ఇంతకంటే బాగా అల్లేవాణ్ని కదా!

డెబ్బైల చివర్లో సంగతి. అప్పుడు నేను జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్నాను. వరి ఊడ్చేటప్పుడు, అంటే నాట్లేసేటప్పుడు, పాడే పాటల కోసం సామర్లకోట అవతల ఒక ఊళ్లో దిగాను. మా మాస్టారు ఒకటే చెప్పి పంపారు.

"ఫీల్డ్‌వర్క్ అంటే వినడమేనయ్యా. టేపు తిరుగుతుంటే నోరు తెరవకు. నీ గొంతు పడిందా, ఆ పాట ఇక పనికిరాదు."

ఎంత తిరిగినా పాత పాట ఒక్కటీ దొరకలేదు. చివరికి సూరమ్మ అనే ముసలావిడకు వచ్చని తెలిసింది. ఆవిడేమో పాడనంది.

"నేనెత్తితే అందుకునేవాళ్లుండాలి కదండీ. మా వదిన అందుకునేది. పోయింది. అందుకునే గొంతు లేకుండా చేలో పాట ఎత్తకూడదు బాబుగారూ."

"ఒక్కసారి మామ్మగారూ! ఇది కూడా లేకపోతే నా చదువు గోదాట్లో కలిసినట్టే."

ఎలాగో ఒప్పుకుంది. కానీ కాళ్లు బురదలో ఉంటేనే పాట వస్తుందట. కూలీలందరూ వెళ్లిపోయాక, చీకటి పడ్డాక, లాంతరు పట్టుకుని చేలోకి దిగాం. మేమిద్దరమే.

టేపు నొక్కాను. కప్పలు... కాలవలో నీళ్ల చప్పుడు... సూరమ్మ ఒక చరణం ఎత్తి ఆగింది. అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగింది. నాకు జాలేసింది. అయినా పెదవులు బిగించుకుని నిలబడ్డాను.

అప్పుడు... ఎవరో అందుకున్నారు.

వెనకనుంచా? పక్కనుంచా? తెలియలేదు. సన్నగా... సగంలో ఒకసారి ఊపిరి తీసుకుని... మళ్లీ సాగింది. లాంతరు ఎత్తి చూశాను. ఊడ్చిన చేను తప్ప ఏమీ లేదు. గట్టు వైపు పోదామంటే కాళ్లు బురదలోంచి రాలేదు. భయమేసింది... చాలా భయమేసింది. సూరమ్మ మాత్రం కళ్లు మూసుకుని పాట పూర్తిచేసింది.

గట్టెక్కాక నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగా అందుకున్నారండీ! మా వదినా అక్కడే ఊపిరి తీసుకునేది."

"నేనా? నేను నోరే తెరవలేదండీ!"

"ఊరుకోండి బాబుగారూ, ముసలిదాన్ని ఆట పట్టిస్తారేంటి!"

బసకొచ్చి టేపు వేశాను. రెండు గొంతులున్నాయి. ఒకటి సూరమ్మది. రెండోది... నాది. అప్పటి నా జలుబుతో సహా. కానీ ఆ పాట నాకు రాదు. అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మాస్టారు కాసేపు విని ఆపేశారు. "నోరు తెరవద్దన్నానా?" అన్నారు. ఆ పాటను పక్కన పెట్టేశారు. మరుసటేడు వెళ్తే సూరమ్మ లేదు.

నేను పాడానా? పాడలేదా? ఎవరైనా ఆ పాట ఎత్తితే, నా నోరు దానంతటదే అందుకుంటుందేమో చూడాలని ఉంది. ఎత్తేవాళ్లే లేరు.