విత్తనాల మీద జపం

మనశ్శాంతి కోసం కూర్చుని, ఇంటిల్లిపాది మనశ్శాంతినీ పల్లీ గింజల్లో కలిపేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే.

పెళ్లయి ఖిల్లా ఘణపూర్ పక్క పల్లెకు కాపురానికి వచ్చిన తొలి ఏడు. ఆకాశం వైపు చూసి చూసి అందరి మెడలూ పట్టేసిన రోజులు. చివరికి ఒక తెల్లవారుజామున స్వామి దయతలిచాడు. లేచి చూస్తే నేలంతా తడి. ఖిల్లా గుట్ట నడుముకు మబ్బు తెల్లపంచెలా చుట్టుకుని ఉంది. నాకు ఆ మట్టి వాసనకే కడుపు నిండిపోయింది. ఇంట్లోవాళ్లకు మాత్రం కాలు నిలవలేదు. మర్నాడే విత్తాలి. పదును ఆరిపోతే మళ్లీ వాన ఎప్పుడో ఎవరికెరుక!

అత్తమ్మ రెండు రోజులుగా ఏరిన పల్లీలు వాకిట్లో పరిచిన పరదా మీద రెండు కుప్పలుగా ఉన్నాయి. ఒకటి విత్తనానికి గట్టి గింజలు. రెండోది మొలకెత్తని తాలూ పగుళ్లూ.

"కోడలు పిల్లా, జర కోళ్లు రాకుండ చూడు. ట్రాక్టరాయన తానికి పోయొస్తం. నాకైతె గుండె దడదడ అంటుంది."

"పరేషాన్ గాకుండ్రి అత్తమ్మా. కండ్లు మూసుకొని నామం చెప్పుకోండ్రి."

"నామం నువ్వు చెప్పుకో. నాకు శేనుంది!"

ఆమె, మా ఆయన వెళ్లారు. నేను ఆజ్ఞ పాటించాను. చిన్నప్పుడు ఇంట్లోనే అక్షరాలతో పాటు అమ్మ నేర్పిన అలవాటది: మనసు కలవరపడితే కుదురుగా కూర్చో, మెల్లగా ఊపిరి తీసుకో, నామం చెప్పు, చేత్తో లెక్క పెట్టు. రుద్రాక్షమాల దారం పొద్దున్నే తెగిపోయింది. అయితేనేం, ఎదుట ఇన్ని గింజలిచ్చాడు స్వామి!

నమశ్శివాయ... ఈ కుప్పలోంచి ఆ కుప్పలోకి ఒక గింజ. కళ్లు మూసుకున్నాను. చల్లగాలి. ఎక్కడో నీటి చుక్క జారిన చప్పుడు. కాసేపటికి, అంత పెద్ద దేవుడికి ఒక్కో గింజేమిటి, చిన్నతనం కాదూ అనిపించి గుప్పెళ్లకు ఎక్కాను. ఇటు గుప్పెడు, అటు గుప్పెడు. మబ్బు మీద కూర్చుని మబ్బుకే ముద్దలు తినిపిస్తున్నట్టుంది. నవ్వకండి, అంతటి శాంతి నాకు మళ్లీ దొరకలేదు.

"ఏందే గిది?"

కళ్లు తెరిచాను. అత్తమ్మ. పక్కన మా ఆయన, నోరు గాదె తలుపంత తెరుచుకుని.

"కోళ్లు రాలేదత్తమ్మా," అన్నాను వినయంగా.

"కోళ్లొచ్చినా బాగుండు! నాలుగు గింజలు తిని పోతుండె. తాలూ ఇత్తనం ఒక్కటి జేసినవు గదనే!"

"రేపు పొద్దుగాల ట్రాక్టరొస్తది. ఏం ఇత్తాలె, నీ నామాలా?" అన్నాడాయన.

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. నేను శివుని పేరు చెబుతూనే ఇంటిల్లిపాదినీ కుట్టాను.

అరుపులు విని పక్కింటి ఖాజాబీ పరుగున వచ్చింది. సంగతి విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, తనూ చతికిలబడింది. నలుగురం తలో మూల ఏరడం మొదలుపెట్టాం. మొదట అత్తమ్మ గింజకో తిట్టు తిట్టింది. తర్వాత గుప్పెడుకో తిట్టు. తర్వాత తిట్టే లేదు. గింజలు జారే సవ్వడి ఒక్కటే మిగిలింది. పొద్దుటినుంచి కాలు నిలవని మా ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. దీపం పెట్టే వేళకు ఏరడం అయిపోయింది.

అత్తమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని వింతగా చూసింది. "ఏమోనే, దడ పోయింది."

ఖాజాబీ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "అట్లయితె రేపు జర మా ఇంటికి రా బిడ్డా. మా ఆయనకు బీపీ ఉంది. మా కందులూ శెనగలూ సుత కలిపిపెట్టి పో!"

స్వామి దయ, ఆ ఏడు చేనంతా మొలిచింది. నేనూ పుట్టింటికి పంపబడకుండా మిగిలాను. అందుకే సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: మనసు ఎంత కల్లోలమైనా విత్తనాల దగ్గర కళ్లు మూయను. తెరిచిన కళ్లకు స్వామి కనిపిస్తాడో లేదో గానీ, ఏ కుప్ప ఏదో కనిపిస్తుంది.