గుమ్మం నిలబెట్టే రోజు

మా ఆయన సోలార్ గీజర్ల ఏజెన్సీ తీసుకున్న కొత్తల్లో, ఆ మాట చెబితే బెజవాడలో నవ్వనివాళ్ళు లేరు. "మన ఊళ్ళో నీళ్ళు కాగడానికి మిషను కూడా కావాలా?" అనేవాళ్ళు. నిజమే, ఎండాకాలం మా డాబా మీద టాంకు నీళ్ళు ఒంటి మీద పడితే బొబ్బలెక్కేవి. ఇళ్ళవాళ్ళు కొనరు, లాడ్జీలూ హాస్టళ్ళూ ఆసుపత్రులూ అయితే కొంటాయని ఆయన ఆశ. ఎప్పటినుంచో ఉన్నవాళ్ళని కదిలిస్తే, "మాకు కరెంటు గీజర్లున్నాయి కదండీ" అని పంపించేసేవాళ్ళు. ఇక మిగిలింది కొత్తగా పెట్టేవాళ్ళు. వాళ్ళెక్కడున్నారో మనకెవరు చెబుతారు?

సంక్రాంతి వెళ్ళాక హైదరాబాదు నుంచి కంపెనీ ఆయన వచ్చాడు. మా ఇంట్లో కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఉగాదిలోపల పెద్ద ఆర్డరు ఒక్కటన్నా పట్టండి. లేకపోతే ఈ ఏరియా ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది" అని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. మా ఆయన అంతకుముందు ఇంకొకరి కొట్లో పైపులూ పంపులూ అమ్మేవాడు. "మళ్ళీ ఆ కౌంటరు వెనక నిలబడలేనే" అన్నాడు.

దారి నాకు వడియాల దగ్గర దొరికింది. బూడిదగుమ్మడికాయ కోసం మార్కెట్టుకి వెళితే, ఎప్పుడూ నాకు కాయలిచ్చే ఆమె ఒక పెద్ద కాయని నా చేతిలోంచి లాక్కుని పక్కన పెట్టింది.

"అది నీక్కాదక్కా. లాడ్జీవోళ్ళది. ఎల్లుండి ఓపెనింగంట."

నేను సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొట్టయినా హోటలైనా, దిష్టికి గుమ్మడికాయ కట్టకుండా ఎవరైనా తెరుస్తారా? అంటే ఊళ్ళో ఏది కొత్తగా మొదలైనా ఈమెకి తెలిసి తీరుతుందన్నమాట. రిక్షా ఎక్కి ఇంటికొచ్చి పడ్డాను.

"ఏవండీ, స్కూటరు తీయండి."

"గుమ్మడికాయేదీ?"

"అదే మనకి దారి చూపిస్తోంది. పదండి."

ఇక చూడాలి మా హడావుడి. ఎక్కడ కాయ కడితే అక్కడ మేము. ఒక హాస్టలు ఆయనైతే మమ్మల్ని ఓపెనింగుకి వచ్చిన చుట్టాలనుకుని టిఫిను కూడా పెట్టించాడు. తిన్నాక మా ఆయన కాగితాలు తీసి చూపిస్తే, "వస్తువు బాగానే ఉందండీ. కానీ బాత్‌రూముల్లో టైల్సు వేసేశాం. ఇప్పుడు పైపుల కోసం గోడలు పగలగొట్టుకోమంటారా?" అన్నాడు. లాడ్జీలోనూ అదే మాట, అన్నిచోట్లా అదే మాట. గుమ్మడికాయ కట్టారంటే అక్కడ మన పని అయిపోయినట్టే. ఆ సంగతి తెలుసుకోవడానికి మాకు ఇన్ని టిఫిన్లు పట్టాయి.

మా ఆయన మొహం వాడిపోయింది. నేను ఆ హాస్టలు మెట్ల మీద కూర్చుని గుమ్మడికాయ వంకే చూస్తున్నాను. ఇంత ఆలస్యంగా వచ్చేదానివి, నీకంటే ముందు వచ్చేదెవరే అని దాన్నే అడుగుతున్నాను మనసులో. దాని కిందే గుమ్మం ఉంది. వడ్రంగిపని చేసే సాయిబుగారొకాయన తలుపుకి పాలిష్ రుద్దుతున్నాడు.

"సాయిబుగారూ, ఈ గుమ్మం ఎప్పుడు నిలబెట్టారు?"

"ఎప్పుడేంటి చెల్లెమ్మా, పునాది లేవగానే. గోడకంటే ముందు గుమ్మం రావాల గదా."

"అయితే కొత్తగా కట్టేవాళ్ళు ముందు మీ దగ్గరికే వస్తారా?"

"నా దగ్గరికి రాకపోతే లోపలికెట్టా పోతారు?" అని గడ్డంలో నవ్వుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే సాయిబుగారు పనిచేసే కలప అడితికి వెళ్ళాం. టీ తెప్పించి, గోడకి ఆనించిన ఒక ద్వారబంధం మీద అరచేత్తో కొట్టి చూపించాడు.

"ఇది చూడు చెల్లెమ్మా. స్ట్రెచరు పట్టాలని ఇంత వెడల్పు చెప్పారు. పామర్రులో కాన్పుల ఆసుపత్రి. శుక్రవారం నిలబెడుతున్నారు."

"గోడలు ఎంతవరకు వచ్చినయ్యండీ?" అన్నాడు మా ఆయన.

"గుమ్మం నా దగ్గరుంటే గోడలెక్కడివి బాబూ?"

శుక్రవారం పసుపూ కుంకుమా మామిడాకులూ సంచీలో పెట్టుకుని స్కూటరెక్కాను. గుమ్మానికి పసుపు రాసే ఆడవాళ్ళలో కలిసిపోతే మాట కలపడం తేలికని నా ఎత్తు. కంకిపాడు దాటాక వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. చలిగాలి మొహానికి కొడుతుంటే ఈ చలి ఇలాగే ఉండాలి దేవుడా అనుకున్నాను. వేణ్ణీళ్ళ మాట చెప్పడానికి పోతున్నాం కదా!

తీరా వెళితే అక్కడ పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. పసుపు గభాల్న సంచీలోకి తోసేసి, కొంగు తల మీదికి లాక్కుని వెనక నిలబడ్డాను. ప్రార్థన అయ్యాక, ఆసుపత్రి కట్టిస్తున్న డాక్టరమ్మ నా వేళ్ళ వంక చూసింది.

"ఎవరమ్మా మీరు? పసుపు తెచ్చినట్టున్నారే?"

"తెచ్చానండీ. సాయిబుగారు స్ట్రెచరు సంగతి చెప్పారు గానీ ఈ సంగతి చెప్పలేదు."

ఆవిడ ఫక్కున నవ్వింది. మా ఆయన ఆ సందులో గీజర్ల మాట అందుకున్నాడు.

"ఇంకా గోడలే లేవు, అప్పుడే నీళ్ళేంటండీ?"

"గోడలు లేవనే వచ్చామండీ. ఇప్పుడైతే పైపు లోపలినుంచే పోతుంది."

"ముసురు పట్టినప్పుడో?"

"అప్పుడు ఎండతో కాగవండీ. టాంకులోనే కరెంటు రాడ్డు ఉంటుంది, దాంతో కాచుకోవాలి" అన్నాడు, దాచకుండా.

ఆవిడ మళ్ళీ గుమ్మం వంక తిరిగింది. నేనుండబట్టలేకపోయాను.

"నా తొలికాన్పు ఆసుపత్రిలోనే అయిందమ్మా. అక్కడ వేణ్ణీళ్ళు లేవు. మా అమ్మ ఇంటి దగ్గర కాచి, బిందెకి గుడ్డ చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. వచ్చేసరికి సగం ఒలికి, సగం చల్లారేవి. బిడ్డ వంక చూసేముందు బిందెలో వేలు పెట్టి చూసుకునేది."

డాక్టరమ్మ పక్కకి తిరిగింది.

"మేస్త్రీ, ఇలా రా. పైనుంచి పైపులు దిగడానికి దారి ఎక్కడ వదలాలో ఈయన్ని అడుగు."

అదే మా ఆర్డరు. మా ఆయన పునాది మీద సుద్దతో గీత గీస్తుంటే తొందరలో అది వంకర పోయింది. మేస్త్రీ చెరిపి మళ్ళీ గీయించాడు.

తిరుగుదారిలో ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకే తెలియదు, ఒకరి మాట ఒకరం సాగనివ్వలేదు. ఉయ్యూరు దగ్గర రోడ్డు పక్క ఖాళీ స్థలంలో ఒక గుమ్మం ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టూ గోడ లేదు, పసుపింకా తడిగా మెరుస్తోంది. నేను చెప్పకుండానే స్కూటరు ఆగింది.

"నీ సంచీలో పసుపు అలాగే ఉందిగా, దిగు" అన్నాడు మా ఆయన.