చెంచాడు నూనె

మా అంగన్‌వాడీకి వచ్చే తల్లులకు నేను రోజూ చెప్పే మాట ఒకటుంది: పిల్లల అన్నంలో చెంచాడు నూనె కలపండి, బక్కచిక్కరు. ఆ మాట చెబుతూనే ఇంట్లో మా ఆయనకు రెండేళ్లపాటు నూనె చుక్క తగలనివ్వలేదు. పరోపదేశ పాండిత్యం అంటే నాదే.

ఆయనకు క్లోమగ్రంథి జబ్బు. వచ్చి పోయేది కాదు, ఉండిపోయేది. తిన్న గంటకు పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దూసుకుపోయే నొప్పి. మరమగ్గాల మోతలో పన్నెండు గంటలు నిలబడే మనిషి, మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు మోకాళ్లు గుండెకు హత్తుకుని నేల మీద ముడుచుకుపోయాడు. చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "తాగుతడా?" కల్లు కూడా ముట్టని మనిషి. అలా అడిగినవాళ్ల మీద నాకిప్పటికీ కోపమే.

తాగనివాళ్లకూ వస్తుందని డాక్టరు చెప్పాడు. "నూనె, కొవ్వు జర తగ్గించుండ్రి" అన్నాడు. ఆ "జర" అన్న మాటను నేనూ మా అత్తమ్మా ఇంటికి వచ్చేలోపే మరిచిపోయాం.

నా పుట్టిల్లు బోథ్ దగ్గరి పల్లె. జొన్నరొట్టె మీద నూనె, కారం పూసుకుని తిని పెరిగినదాన్ని. అత్తమ్మకు మాత్రం పథ్యమే సగం మందు. "నూనె ముట్టిస్తె నా కొడుకు నాకు దక్కడు" అంది. ముందు పప్పులో పోపు పోయింది, తర్వాత పప్పే పోయింది. గుడ్డు మానేశాం. చివరికి గంజి, మెత్తటి అన్నం, ఉప్పేసి ఉడికించిన సొరకాయ మిగిలాయి. నొప్పి తగ్గితే పథ్యం పనిచేసిందనుకున్నాం, నొప్పి వస్తే పథ్యం చాల్లేదనుకున్నాం. ఎటు తిరిగినా కంచంలో ఏదో ఒకటి తగ్గేది. ఆయన కూడా ఎదురు చెప్పలేదు. ముద్ద చూస్తేనే ఆయనకు భయం, ఆయన ముఖం చూస్తే నాకు భయం.

ఒక సాయంత్రం నా సంచిలోంచి పిల్లల జబ్బ కొలిచే టేపు బయట పడింది. ఆయన చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. ఆటకు ఆయన జబ్బకు చుట్టాను. ఐదేళ్ల లోపు పిల్లల కోసం చేసిన టేపు అది. చుట్టూ తిరిగి వచ్చి ఇంకా మిగిలింది.

"ఏమైందే?" అన్నాడు.

ఏం లేదన్నాను. ఈయన చచ్చిపోతాడు, నా చేతి వంట తిని చచ్చిపోతాడు అనుకున్నాను. టేపు మడిచి సంచిలో పెట్టేశాను.

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డైటీషియన్ మా చెల్లెలి వయసు పిల్ల. బరువు చూసింది, విరేచనం ఎలా అవుతోందని అడిగింది. జిడ్డుగా, నీళ్ల మీద తేలుతోందని ఆయన తలవంచుకుని చెప్పాడు. ఏం పెడుతున్నానో నేను చెప్పాను. రాస్తున్నదల్లా ఆగింది.

"అక్కా, ఈయన ఒంటిని సగం రోగం తిన్నది, సగం మీ పథ్యం తిన్నది."

అన్నాన్ని అరిగించే రసం ఆయన ఒంట్లో ఊరడం లేదని, దాన్ని క్యాప్సూళ్లలో ఇస్తారని, గుడ్డూ పప్పూ కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టాలని చెప్పింది. "నూనె?" అని అడిగాను. నూనె కూడా అంది.

మర్నాడు చెంచాడు నూనెతో గుడ్డుకూర చేశాను. "చంపుతవా ఏందే వాణ్ణి?" అంది అత్తమ్మ. ఆయన తిన్నాడు, చేయి కడుక్కుని క్యాప్సూల్ వేసుకున్నాడు. పొద్దుగూకేలోపు పొట్ట ఉబ్బి, మెలిపెట్టి, నాలుగుసార్లు బయటికి పరుగెత్తాడు. నూనె సీసా తీసి అటక మీద పెట్టేశాను.

పొద్దున్నే ఆ పిల్లకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని, "గోలి ఎప్పుడేసుకున్నడు?" అంది.

"తిన్నంక. గోలీలు తిన్నంకనే గదా."

"కాదక్కా. మొదటి ముద్దతోని ఒకటి, సగం తిన్నంక ఇంకోటి. అన్నంతోని కలిసే లోపలికి పోవాలె. నొప్పి ఎక్కువైతె, వాంతులైతె మాత్రం ఆగకుండ రాండ్రి."

ఆ పిల్ల ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ తీసి చూశాను. అంతా రాసే ఉంది. ఊళ్లో తల్లులకు చదివి వినిపించే నేను దాన్ని చదవలేదు.

అటక మీది నూనె సీసా దించి రెండోసారి వండటం మొదటిసారికన్నా కష్టమైంది. చూడలేనంటూ అత్తమ్మ పక్కింటికి వెళ్లిపోయింది. ఆయన కంచం ముట్టలేదు.

"ఇయ్యాల వద్దే. రేపు తింట."

నాకూ రేపే బాగుందనిపించింది. "నీకంటె నాకు ఎక్కువ భయమైతుంది. అయినా తినాలె" అని క్యాప్సూల్ ఆయన చేతిలో పెట్టి, నేనే ముద్ద కలిపి నోటికందించాను. సగం అన్నానికి రెండోది వేసుకున్నాడు. తర్వాత ఇద్దరం గోడకానుకుని నొప్పి కోసం కూర్చున్నాం. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఉన్నట్టుండి ఆయన చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"వచ్చిందా?"

ఆయన వేళ్లతో పొట్ట నొక్కి చూసుకున్నాడు. "నొప్పి గాదు. ఏందో అయితుంది లోపల." నమ్మకం లేని గొంతుతో అన్నాడు: "ఆకలి గావచ్చు."

లేచి పొయ్యి వెలిగించాను. చెంచాడు నూనె పోశాను.