జర్మనీలో అమ్మ కేక

షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో లినక్స్ కంప్యూటర్ల కోసం చిన్న ప్రోగ్రాం రాశాను. గంటసేపు కదలకుండా కూర్చున్నవాళ్ళను అలారం మోగించి లేపుతుందది. పరీక్షించేటప్పుడు సరదాకి అలారం బదులు మా అమ్మ కేకను రికార్డు చేసి పెట్టుకున్నాను: "ఎంతసేపే ఆడ కూర్చుంటావు? లెయ్యి, కాపీ చల్లారిపోతా ఉంది!"

అది తీసేయడం మరిచి, ప్రోగ్రాంను అందరికీ ఉచితంగా విడుదల చేసేశాను.

మర్నాడు జర్మనీ నుంచి ఒకాయన మెయిల్: "ఆవిడ ఏమంటున్నారో తెలియదు గానీ, ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను."

సిగ్గుతో చచ్చిపోయి, వెంటనే అలారం పెట్టి మళ్ళీ విడుదల చేశాను. సాయంత్రానికి ఆయనే: "అలారానికి లేవబుద్ధి కావడం లేదు. దయచేసి ఆవిణ్ణి పిలవండి!"

నేను నెలల తరబడి రాసినదానిలో ఆయనకు నచ్చింది నేను రాయని ఆ ఒక్క మాటే! నవ్వాపుకోలేక అమ్మకు చెప్పాను.

"అదుండనీ," అంది అమ్మ. "పాపం, ఆయప్పకు కాపీ ఎవురిచ్చినారు?"