తడి పాదాల పరీక్ష

రాణి వేషం కడతావా అని నన్నెవరూ అడగలేదు. పోలీసు చర్య అయిపోయి ఊళ్ళు ఇంకా సర్దుకుంటున్న రోజులవి. వికారాబాదులో ఒక బడిపంతులు నాటక సమాజం పెడితే తాండూరు నుంచి మేం నలుగురం పోయి చేరాం. నాటకం తానే రాశాడు, తానే నేర్పించాడు. తీరా ఆడే రోజున రాణి వేషం కట్టవలసిన మనిషి జ్వరంతో మంచం పట్టాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. సన్నగా ఉండేవాణ్ణి, గొంతు ఇంకా ముదరలేదు. పంతులు చీర తెచ్చి నా భుజం మీద వేసి, ఈ ఒక్కసారికే అన్నాడు. ఆ ఒక్కసారి పన్నెండేళ్ళు సాగింది.

మా ఆటలు జొన్నకోతలు అయ్యాక మొదలై తొలకరి దాకా నడిచేవి. ఏ జాతరకు పిలిస్తే ఆ జాతరకు పెట్టెలు ఎత్తుకుని పోయేవాళ్ళం. కోట్‌పల్లి, పెద్దేముల్, బషీరాబాద్, ఎక్కడికైనా సరే. బయటి నుంచి ఆడవాళ్ళను పిలిపించే స్తోమత సమాజానికి లేదు, మా ఇళ్ళ ఆడవాళ్ళు వేదిక ఎక్కే కాలమూ కాదు. కాబట్టి రాణిని నేనే. పగలు నాపరాతి గనిలో కూలీల హాజరు రాయడం నా ఉద్యోగం. చదువు ఉర్దూలో సాగింది గనుక హాజరూ ఉర్దూలోనే రాసేవాణ్ణి, నా వేషం తాలూకు తెలుగు పద్యాలూ ఉర్దూ అక్షరాల్లోనే రాసుకునేవాణ్ణి. హాజరు పిలుస్తుంటే వెనక వరసలోంచి ఎవడో ఒకడు సన్నగొంతు పెట్టి "ఉన్ననమ్మా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మొదటి రెండేళ్ళు నేనూ నవ్వాను. తర్వాత నేను మానేశాను, వాళ్ళు మానలేదు.

నిజం చెప్పాలంటే ఆ వేషం నాకు బాగా చేతనైంది కాబట్టే మెడకు చుట్టుకుంది. పెద్దేముల్‌లో ఒక ముసలమ్మ ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చి, నా చేతులు పట్టుకుని, తన పెనిమిటి కూడా తనను ఇలాగే వెళ్ళగొట్టాడని చెప్పి ఏడ్చింది. చీరలో ఉన్నంతసేపూ నాకు గర్వంగానే ఉండేది. చీర విప్పాకే ఊపిరాడేది కాదు. చెంపలు నున్నగా ఉండాలి, కనుబొమలు సన్నగా ఉండాలి, మీసం మాట ఎత్తకూడదు. పెళ్ళిపీటల మీద కూడా నాకు మీసం లేదు. మా మామగారు నా మొహం వైపు చూసి, ఏదో అడగబోయి, అక్షింతల పళ్ళెం అందుకున్నాడు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది నా బిడ్డను బళ్ళో వేసిన ఏడు వచ్చింది. నెల తిరక్కుండానే ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. అందరికీ ఒక అమ్మ, ఒక నాయిన ఉంటారట, నీకేమో ఇద్దరూ అమ్మలేనట కదా అని పిల్లలు ఏడిపిస్తున్నారట. నా ఒళ్ళో కూర్చుని, నా పైపెదవి మీద వేలు పెట్టి అడిగింది.

"నాయినా, నువ్వు మీసాలు ఎప్పుడు పెంచుతవు?"

ఈ ఏడే అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అన్నాక ఇక వెనక్కి తీసుకునే వీలు లేదు. మర్నాడే బళ్ళో అందరికీ చెప్పేసి వచ్చింది.

మొదటి సెలవు రోజున రైలెక్కి వికారాబాదు పోయి పంతులు ఇంట్లో కూర్చున్నాను. అదృష్టం కొద్దీ, రాజు వేషం కట్టే రైల్వే ఆయనకు ఆ ఏడే బదిలీ అయింది. ఆ వేషం నాకివ్వమని అడిగాను. పన్నెండేళ్ళుగా రాజు ఎదురుగా నిలబడి ఆయన మాటలన్నీ వింటున్నవాణ్ణి, ఒక్క ముక్క తప్పకుండా నాకు వచ్చు. పంతులు చెడ్డవాడు కాదు. నా మాట పూర్తిగా విన్నాడు, చాయ్ ఇచ్చాడు, ఆ తర్వాతే మెలిక పెట్టాడు.

"నీ బదులు ఇంకొకన్ని తీస్కరా. వాడు పరీక్షల నెగ్గితే రాజువు నువ్వే."

పరీక్ష అంటే ఏమిటో చెప్పాలి. మా సమాజంలో కొత్త వేషగాళ్ళను ఎంచుకోవడం ఏటా తాండూరులోనే, ఒక నాపరాళ్ళ గోదాములో జరిగేది. అక్కడి నేల నున్నటి రాయి. కొత్తగా వచ్చినవాడు కాళ్ళు కడుక్కుని, తడి పాదాలతో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలి. ఆరేలోపు పంతులు వంగి అడుగులు చూసేవాడు. ఆడవేషానికైతే అడుగుకూ అడుగుకూ మధ్య జానెడు మించకూడదు, పాదాలు ఒకే గీత మీద పడాలి. రాజు వేషానికైతే బారెడు అంగలు వెయ్యాలి, మడమ గట్టిగా దిగాలి. నడక నెగ్గాకే మాటలు. ఆ మాటలప్పుడు, అంతకుముందు ఆ వేషం కట్టినవాడు ఎదుటి పాత్రగా నిలబడి అందించాలి. ఈ పద్ధతి పంతులు కనిపెట్టిందే. ఇంకే సమాజంలోనూ ఇలా చెయ్యగా నేను వినలేదు.

రెండు నెలలు సైకిలు వేసుకుని కాలు కాలిన పిల్లిలా తిరిగాను. చివరికి బషీరాబాద్ సంతలో గొర్రెలు అమ్మడానికి వచ్చిన ఒక పిల్లవాడు కనిపించాడు. ఇరవై ఏళ్ళుంటాయి, కోలమొహం, నున్నటి చెంపలు. గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని సగం కన్నడం, సగం తెలుగు కలిపి ఏదో పాడుతున్నాడు. ఆ గొంతు వినగానే నా పని అయిపోయిందనుకున్నాను. నాటకం అంటే మస్తు ఇష్టమన్నాడు. రాణి వేషమైనా ఫరవాలేదు, జనం ముందు నిలబడితే చాలన్నాడు.

అతనికి చదువు రాదు. కాబట్టి అంతా నోటితోనే నేర్పాలి. సెలవు రోజుల్లో గనికి వచ్చేవాడు. కాళ్ళ మధ్య జానెడు తాడు కట్టి రాళ్ళ మీద నడిపించాను, నన్నూ పంతులు అలాగే నడిపించాడు. నాటకంలో ప్రాణమంతా ఒక ఘట్టంలో ఉంది. చాడీలు నమ్మి రాజు రాణిని వెళ్ళగొడతాడు. ఆమె ఎదురు మాట్లాడకుండా, నడుముకున్న తాళాల గుత్తి విప్పి అతని పాదాల దగ్గర పెట్టి పోతుంది. ఆ ఘట్టాన్ని యాభైసార్లు చేయించాను. అతను రాణి, నేను రాజు. అతని మాటలు అతనికి అందిస్తూ, నా మాటలు నేను చెప్పుకునేవాణ్ణి. ఎట్లా చెప్పేవాణ్ణి! పన్నెండేళ్ళు గొంతులో దాచుకున్నదంతా ఆ బండల మధ్య బయటికి తీశాను. ఇంటికి పోతే బిడ్డ రోజూ నా పెదవి తడిమి చూసేది. మీసం మొలుస్తోంది.

పరీక్ష నాడు పొద్దున్నే గోదాము తెరిచాం. పంతులూ, హార్మోనియం వాయించే మా దర్జీ మొదటి బండి దిగి వచ్చారు. గనిలోని కూలీలు కొందరు తమాషా చూడటానికి గుమ్మంలో నిలబడ్డారు. నా మీసం చూసి దర్జీ ముక్కున వేలేసుకున్నాడు. పంతులు చూసీ చూడనట్టు నేల తుడిపించే పనిలో పడ్డాడు.

రాణి వేషానికి నలుగురు వచ్చారు. ఒకతను రెండంగల్లో గోదాము దాటేశాడు. ఇంకొకతను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. మూడో అతనికి రాణితో పని లేదు, కత్తి ఎప్పుడిస్తారని అడిగాడు. నాలుగోది మా పిల్లవాడు. కాళ్ళు కడుక్కుని నడిచాడు. పంతులు వంగి చూసి తల ఊపాడు. జానెడు జానెడుకు ఒక్కొక్క అడుగు, గీత గీసినట్టు.

తర్వాత తాళాల ఘట్టం. గోదాము తాళాల గుత్తే అతని నడుముకు కట్టాం. ఎదురుగా నేను రాజుగా నిలబడ్డాను. హార్మోనియం అందుకుంది, పద్యం చక్కగానే పాడాడు. కానీ గుత్తి విప్పి, గొర్రెలకు గడ్డి వేసినట్టు, నా కాళ్ళ ముందు పడేశాడు. గోదామంతా గల్లుమంది. గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ చేయించారు. మళ్ళీ అంతే. పిల్లవాడి మొహం కందిపోయింది.

"నడక వచ్చింది గని దుఃఖం రాలె" అన్నాడు పంతులు.

ఇంకో నెల గడువు ఇమ్మని అడిగితే సరిపోయేది. పంతులు కాదనేవాడు కాదు. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. కానీ ఆ ఘట్టాన్ని ఒకడు నా కళ్ళ ముందు పాడుచేస్తుంటే నాకు ఒళ్ళు మండింది. నా సొమ్ము ఎవడో నేలకేసి కొట్టినట్టయింది.

"గట్ల కాదు తమ్మీ, జర సూడు" అని గుత్తి అందుకున్నాను.

ఆమె ఆ తాళాలను పారేయదు. ఏ తాళంచెవి ఏ గదిదో ఆమెకు తెలుసు. వంటిల్లు, ధాన్యపు కొట్టు, బట్టల పెట్టె, ఒక్కొక్క దాన్నీ వేలితో తాకి వదులుతుంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, గుత్తి మొత్తాన్ని చప్పుడు కాకుండా నేల మీద పెడుతుంది. చప్పుడైతే పిల్లలు నిద్ర లేస్తారని ఆమె భయం. ఇది పంతులు రాసింది కాదు, ఆడగా ఆడగా నాకు తెలిసింది. ధోవతి మీద ఉన్నాను, చొక్కా మీద ఉన్నాను, పెదవి మీద మీసం ఉంది. అలాగే కూర్చుని పెట్టాను. ఇరవై తాళంచెవుల్లో ఒక్కటి కూడా మోగలేదు.

తల ఎత్తేసరికి హార్మోనియం ఆగిపోయి ఉంది. గుమ్మంలో, రోజూ "ఉన్ననమ్మా" అని ఏడిపించేవాడే భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. నా మీసం ఎవరికీ కనపడలేదు. అక్కడ మోకాళ్ళ మీద ఉండగానే నాకు అర్థమైంది, నేను చేజేతులా తలుపు మూసుకున్నానని.

పంతులు ఆ పిల్లవాణ్ణి నా ఎదురుగా నిలబెట్టాడు. రాజు మాటలు ఏమైనా వచ్చా అని మెల్లగా అడిగాడు. వచ్చన్నాడు. ఎందుకు రావు? యాభైసార్లు విన్నాడు కదా. ఒక్కసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నా విరుపులు, నా ఆపులు, చివరి మాటకు ముందు నేను పీల్చే ఊపిరితో సహా అన్నీ అందులో ఉన్నాయి. రాణి మాటలు అతనికి పాఠంలా చెప్పాను. రాజు మాటలు మాత్రం నా ఆశ అంతా పోసి చెప్పాను. అతను ఆశనే నేర్చుకున్నాడు. కొండల మీద మందను పిలిచే ఆ గొంతులో నా రాజు నాకంటే బాగున్నాడు. నడిపించి చూస్తే అంగా బారెడు పడింది, మడమా గట్టిగా దిగింది.

"ఇగ ఫికర్ లేదు, రాజు దొరికిండు" అన్నాడు పంతులు.

నేను లేచాను. సిగ్గు విడిచి బతిమాలాను. బిడ్డకు మాట ఇచ్చానని కూడా చెప్పాను. నా రాజు నడక ఒక్కసారి చూడమన్నాను. పంతులు జాలిపడి నీళ్ళు తెప్పించాడు. కాళ్ళు తడుపుకుని, ఛాతీ విరుచుకుని, మీసం మీద చెయ్యి వేసి, బారెడు అంగలు వేసుకుంటూ ఆ గోడ దాకా నడిచాను. బారెడు అంగలు వేశాననే నేను అనుకున్నాను.

"నువ్వే సూస్కో" అన్నాడు పంతులు. ఆ గొంతులో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది.

వెనక్కి తిరిగి చూశాను. తడి అడుగులు గోడ నుంచి గోడ దాకా ఒకే గీత మీద ఉన్నాయి. జానెడు, జానెడు, జానెడు. పన్నెండేళ్ళ కిందట కట్టిన తాడు ఇంకా నా కాళ్ళకు ఉంది. ఆ అడుగులు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, అన్నీ ఆరిందాకా అక్కడే నిలబడ్డాను. పిల్లవాడు వచ్చి "ఏమనుకోకు అన్నా" అన్నాడు. అతని తప్పేముంది? భుజం తట్టి పంపాను.

ఇంటికి పోయి బిడ్డకు ఏమీ చెప్పలేకపోయాను. మొదటి ఆటకు ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ మీసం ఉంచుకున్నాను, రోజూ బడి దాకా నేనే తీసుకుపోయాను. గేటు దగ్గర పిల్లలకు కనపడేలా నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడేది. ఆ కాసేపటి కోసం నేను ఇంటి దగ్గర్నుంచే తల ఎత్తుకుని నడిచేవాణ్ణి. అడుగులు మాత్రం చూసుకునేవాణ్ణి కాదు.

కోట్‌పల్లి ఆట ఉన్న రోజు పొద్దున గడ్డం గీసుకోవడానికి వాకిట్లో కూర్చున్నాను. మా ఇంట్లో అద్దానికి మేకు లేదు, ఎవరో ఒకరు పట్టుకోవాలి. నా భార్య పొయ్యి దగ్గర ఉంది. బిడ్డే వచ్చి అద్దం అందుకుంది. సబ్బు నురగ పైపెదవి మీదికి వచ్చేసరికి దానికి అర్థమైంది. అద్దం ఇసుమంతైనా కదపకుండా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

కత్తి కడిగిన చప్పుడు విని "అయిపోయిందా నాయినా?" అంది.

అయిపోయిందన్నాను. కళ్ళు మూసుకునే అద్దం నా చేతికిచ్చి, గోడ తడుముకుంటూ లోపలికి పోయింది.