పదీ ఏడూ పదిహేడు, దారి పదహారు

పోయినవేమిటో ముందే చెప్పేస్తాను. ట్రాక్టర్ కుడివైపు అద్దం ఒకటి. సౌండ్ డబ్బాలు రెండు. కొబ్బరికాయల కొట్టు పందిరి గుంజలు నాలుగు. మా బావ బొమ్మ వేయించిన ఫ్లెక్సీ ఒకటి. అందులో ఆయన ముఖం మాత్రం విడిగా చిరిగి, కరెంటు స్తంభానికి వేలాడింది. మా వల్ల ఆగిపోయిన మిగతా పదకొండు ట్రాక్టర్లకు తిరగాల్సిన చుట్లు. వీటన్నిటితో పాటు మా అక్క మొక్కు. అద్దం మళ్లీ వచ్చింది, గుంజలు మళ్లీ వచ్చాయి, ఫ్లెక్సీ అయితే మునుపటికన్నా పెద్దది వచ్చింది. మొక్కు ఒక్కటే ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

మెదక్‌లో నాది టెంట్‌హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాను. ఊళ్లో ఏ గల్లీ ఎన్ని అడుగులో నాకు తెలుసు. గుంజలు పాతేవాడికి అది తెలియకపోతే పెళ్లి సగం పందిట్లో, సగం పక్కింటి మెట్ల మీద జరుగుతుంది. కొలతలు నేర్చుకోవడానికి నేను ఎక్కడికీ పోలేదు, రెండుసార్లు తప్పు చేసి తిట్లు తింటే వచ్చేసింది. మా బావకు మాత్రం ఎన్ని తిట్లు తిన్నా రాలేదు.

మా బావ అంటే అక్క భర్త. ఇటుకల వ్యాపారం, ఒక ట్రాక్టర్, వార్డు కౌన్సిలర్ కావాలన్న కోరిక, ఇవీ ఆయన ఆస్తి. ఒక ఎండాకాలం ఛాతీలో నొప్పి లేచి హైదరాబాద్ దవాఖానలో పడ్డాడు. ఆ రోజు అక్క వరండాలో కూర్చుని మా వాడ పోచమ్మకు మొక్కుకుంది: ఈయన లేచి ఇంటికొస్తే, జాతరనాడు ఈయనే బండి నడపగా, తాను బోనం ఒళ్లో పెట్టుకుని గుడి చుట్టూ అయిదు చుట్లు తిరుగుతానని. ఆయన లేచాడు. ఇంటికొచ్చాడు. డాక్టర్ విశ్రాంతి తీసుకొమ్మంటే టీవీ ముందు కూర్చుని కార్ల రేసులు మరిగాడు.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఏదో దేశంలో ఊరి రోడ్లు మూసేసి, రెండు వైపులా గోడలు పెట్టి రేసు నడుపుతున్నారు. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి చీమల్లా పోతున్నాయి.

"చూసినవా బామ్మర్ది, ఎప్పటిసంది ముందటోని తోక పట్టుకుని తిరుగుతుండు," అన్నాడు బావ. "దమ్ము లేదు వీనికి. దూరిపోవాలె గదా."

"యాడ దూరుతడు బావా? జాగ ఉండాలె గదా."

"జాగ ఉంటది. చూసెటోనికి కండ్లుండాలె. రామాయంపేట రోడ్డు మీద నేను లారీని, బస్సును ఒక్కపారే దాటలేదా?"

"గది హైవే బావా."

"నువ్వు కుర్చీలు లెక్కపెట్టుకోపో. రేసు సంగతి నీకేం ఎరుక?"

రేసు సంగతి నాకు ఎరుక లేదు. సందు సంగతి ఎరుక. ఆ కార్లు ఒక్కోటి ఆరడుగుల పైన వెడల్పు. గోడల మధ్య రెండు పట్టినట్టే కనిపిస్తాయి, నిజానికి దారి ఒక్క కారుకే ఉంటుంది. మలుపు వేగంగా తిరగాలంటే బయటి నుంచి వచ్చి, లోపలి మూల తాకినంత దగ్గరగా పోయి, మళ్లీ బయటికి రావాలి. ఆ గీత మీదనే టైర్లు రుద్ది రుద్ది రోడ్డు పట్టు ఇస్తుంది. పక్కకు జరిగితే దుమ్ము, ఊడిన రబ్బరు ముక్కలు; బ్రేకు వేస్తే బండి జారుతుంది. ముందటివాణ్ణి దాటాలంటే వాడికన్నా ఆలస్యంగా బ్రేకు వేయాలి. దానికి ముందు వాడి పక్కకు చేరేంత పొడుగు రోడ్డు కావాలి. ఊరి రోడ్డు అంత పొడుగు ఎక్కడ ఉంటుంది? నాలుగు ఇళ్లు దాటగానే మలుపు. పోనీ మలుపులోనే వెనక అంటుకుని పోదామంటే, ముందు కారు చెదరగొట్టిన గాలిలో వెనక కారుకు ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. మామూలు ట్రాక్ మీద తప్పు చేస్తే బయట ఖాళీ జాగ ఉంటుంది. ఇక్కడ గోడ ఉంటుంది. అందుకే ముందున్నవాడు కావాలని మెల్లగా పోయినా వెనకవాడు ఏమీ చేయలేడు. వరుస తేల్చే ముందు రోజు పరుగులో ఎవడు ముందు నిలబడ్డాడో, దాదాపు వాడే ముందు. ఇంత చిన్న సంగతి కోసం దమ్మును మధ్యకు లాగేవాళ్లను చూస్తే నాకు జాలి కూడా కలగదు.

ఇదంతా బావకు చెప్పాను. ఆయన సౌండు పెంచాడు.

జాతర వచ్చింది. మా వాడ జాతరలో బండ్లు తిరగడమే పెద్ద ముచ్చట. ఒకప్పుడు ఎడ్ల బండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు. మధ్యాహ్నం గుడి ముందుకు ఏ బండి ముందు వచ్చి చక్రానికి పసుపు పెట్టించుకుంటే అది ముందు. ఆ వరుస ఖరారైతే మారదు. సాయంత్రం అమ్మవారి ఘటం వాడంతా ఊరేగి గుడిలోకి పోయేలోగా చుట్లు ముగియాలి. ఘటం లోపలికి పోయిందా, చక్రం కదలకూడదు.

బావ వేళకు వచ్చి ఉంటే రెండోవాడు అయ్యేవాడు. కానీ ఆయన ట్రాలీకి అటొక సౌండ్ డబ్బా, ఇటొక సౌండ్ డబ్బా ఇనుప కమ్మీలతో వేలాడదీయిస్తూ, పైన తన ఫ్లెక్సీ కట్టిస్తూ కూర్చున్నాడు. వచ్చేసరికి పన్నెండు బండ్లలో అయిదో స్థానం దక్కింది. నాలుగోది పాల డెయిరీ ఆయన ట్రాక్టర్. ఆయనకూ అదే వార్డు మీద కన్ను. అంతే, బావ ముఖం మాడిపోయింది.

"గుడి ముందట దాటేస్త చూడు," అన్నాడు నాతో.

"బావా, నీ ట్రాలీ ఆరడుగులు. డబ్బాలతో పది. ఆయనది కట్టిన వేపకొమ్మలతో ఏడు. పదీ ఏడూ పదిహేడు. కొట్లు పోను ముందట దారి పదహారు. వెనక సందు పదకొండే. ఆ ఒక్కడుగు యాడికెల్లి తెస్తవ్?"

"దమ్ముకెల్లి తెస్త."

వెనక నిలబడ్డ ఆయన మనుషులు నలుగురూ ఈలలు వేశారు. కూడిక రానివాళ్లకు ఈల బాగా వస్తుంది.

అక్క ట్రాలీలో బోనం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గిన్నె మీద దీపం వెలుగుతోంది. గాలి తగలకుండా చేయి అడ్డం పెట్టి నేను పక్కన కూర్చున్నాను. మొదటి చుట్టు బాగానే తిరిగాం. వెనక సందులో డబ్బాలకూ గోడలకూ మధ్య అరచేయి పట్టేంత సందుంది. రెండో చుట్టులో బావ హారన్ మొదలుపెట్టాడు. డెయిరీ ఆయన వెనక్కి తిరిగి చూసి ఇంకా మెల్లగా నడిపాడు. అది ఆయన హక్కు.

"ఏందన్నా, హారన్ గొడితే గుడి పక్కకు జరుగుతదా?" అని అరిచాడు.

జనం నవ్వారు. ఆ నవ్వు బావ నడ్డి మీద చరిచినట్టయింది.

"తమ్మీ, మీ బావను మెల్లగ పొమ్మను. దీపం కదులుతున్నది," అంది అక్క.

"అక్క చెప్తున్నది బావా, జర ఆగు!" అన్నాను. ఆయన చెవిలో రెండు డబ్బాల మోత. విని ఉన్నా ఆగేవాడు కాదు.

రెండో చుట్టు పూర్తి చేసి గుడి గుమ్మం దాటగానే కుడివైపు, గుడి పక్కకు, ట్రాక్టర్ దూర్చాడు. అక్కడ నేల నిండా కొబ్బరినీళ్లు, నలిగిన బంతిపూలు. ముందు చక్రాలు ఆయన తిప్పిన వైపు పోలేదు. కొబ్బరికాయల కొట్టు గుంజలు పటపటా విరిగాయి, అద్దం పోయింది, అటు డబ్బా పోయింది. అప్పటికే డెయిరీ ట్రాక్టర్ మూల తిరుగుతోంది. మలుపులో ట్రాలీ ఎప్పుడూ లోపలికి కోసుకుని వస్తుంది, ఇటుకలు మోసేవాడికి ఈ మాట ఒకరు చెప్పాలా? అది వచ్చి మా రెండో డబ్బాను నొక్కింది, మేము పోయి కరెంటు స్తంభానికి నొక్కుకున్నాం. రెండు ట్రాలీలూ మూలలో బిరడా బిగించినట్టు బిగుసుకున్నాయి. ఇంతా చేసి ఆయన గెలవబోయింది ఏమిటంటే, అయిదో నంబర్ నుంచి నాలుగో నంబర్. దానికి బహుమతి కూడా లేదు.

అక్క బోనాన్ని గుండెకు హత్తుకుంది. అన్నం ఒలకలేదు. దీపం ఆరిపోయింది.

కమ్మీలు కోసి, ట్రాలీ పిన్ను తీసి, జనం అంతా కలిసి వెనక్కి నెట్టేసరికి ఘటం వచ్చేసింది. చక్రాలన్నీ ఆగిపోయాయి. మిగతా పదకొండు బండ్ల వాళ్లు మా బావ ఇంటిపేరును ఎన్ని రకాలుగా పలకవచ్చో అన్ని రకాలుగా పలికారు.

బావ పూజారి దగ్గరికి పోయాడు. "మూడో చుట్టు షురూ చేసినం గదా. దాన్ని సగమన్న లెక్కల పట్టుండ్రి."

"మళ్ల గుమ్మం ముందటికొస్తేనే చుట్టు. నువ్వు స్తంభం దాకనే పోయినవ్," అన్నాడు పూజారి.

గుమ్మం నుంచి స్తంభం దాకా నలభై అడుగులు. నలభై అడుగులను సగం చుట్టు అన్నవాడు ఓట్లు ఎలా లెక్కపెట్టుకుంటాడో నాకు అర్థం కాలేదు.

అక్క ఆయనతో ఒకే మాట అంది. "నువ్వు బతకాలని మొక్కితిని. మొక్కును నువ్వే మింగితివి."

మరుసటి ఏడు వాడ పెద్దలు తీర్పు చెప్పారు: బావ ట్రాక్టర్ రావచ్చు, కానీ వరుసలో ఆఖర్న, డబ్బాలు లేకుండా. ఆఖర్ననైనా అయిదు చుట్లూ తిరగవచ్చు. ఎవరినీ దాటే పని లేదు. గుండె జబ్బు మనిషికి ఇంతకన్నా మంచి స్థానం ఉందా?

"నేను ఆఖర్ల నిలవడుడా? వార్డుల నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు బావ.

నా కుర్చీల ఆటోలో తిప్పుతాను రమ్మన్నాను అక్కను. "మొక్కింది ఆయన నడుపుతడని తమ్మీ," అంది. ఆ జాతర పోయింది. దాని తరవాతిదీ పోయింది.

మొన్న వాళ్లింటికి పోతే టీవీలో మళ్లీ గోడల మధ్య రేసు. మళ్లీ కార్లు వరుసగా పోతున్నాయి. బావ కాళ్లు చాపుకుని, "దమ్ము లేదు వీనికి. మూడు చుట్లసంది దాటలేకపోతుండు," అన్నాడు.

వంటింట్లోంచి అక్క బయటికి రాలేదు. గిన్నె కడుగుతూనే అంది.

"మూడు."

బావ సౌండు పెంచాడు. నేను నా లెక్క సరిచూసుకున్నాను. మొక్కింది అయిదు, ముట్టింది రెండు. అక్క చెప్పిందే సరి. నేటికీ బాకీ మూడు.