చిక్కుడుకాయల చాట చుట్టూ

మొన్న కొత్తగా తెరిచిన పిల్లల సహాయ కేంద్రం చూడటానికి రమ్మని నన్ను పిలిచారు. రిటైరై ఇన్నేళ్లయినా అంగన్‌వాడీల పాత సూపర్‌వైజరమ్మను ఎవరో గుర్తుపెట్టుకున్నందుకు లోలోపల మురిసిపోయి, గంజిపెట్టిన చీర కట్టుకుని, మా పాతబస్తీ ఛత్రినాకలో ఆటో ఎక్కాను. గోడలకు రంగురంగుల బొమ్మలు, నేలమీద మెత్తని పరుపు, పిల్ల మాట్లాడుతుంటే పోలీసులూ డాక్టరూ బాలల సంక్షేమ కమిటీ వాళ్లూ పక్క గదిలో కూర్చుని వినడానికి అద్దమూ మైకూ. ఇక్కడ పిల్ల ఒక్కసారి చెబితే చాలు, అందరూ ఒకేసారి వింటారని, నా మనవరాలి వయసున్న ఆఫీసరమ్మాయి గర్వంగా చెప్పింది. నేను తలూపాను గాని, నా కళ్లు మాత్రం ఆ గదిలో చిక్కుడుకాయల చాట కోసం వెతికాయి.

నాతోపాటు ఉద్యోగాలు చేసి ఇప్పుడు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే నా ఈడువాళ్లకైనా ఈ సంగతి చెప్పాలి. సుమారు ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒకరోజు ఉప్పుగూడ స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమస్తా, పొద్దున రైలు దిగిన ఒక ఆడపిల్ల మధ్యాహ్నమైనా బెంచీ మీదినుంచి కదలడం లేదని గమనించి, మా అంగన్‌వాడీకి కబురు పంపాడు. పద్నాలుగేళ్ల పిల్ల. తల్లి లేదు, మేనత్త దగ్గర పెరుగుతోంది. పెద్ద దుకాణంలో ఉద్యోగమని ఆశపెట్టి, తెలిసినావిడే ఆ పిల్లనూ పన్నెండేళ్ల చెల్లెలినీ రాష్ట్రం సరిహద్దు అవతలి ఊరికి తీసుకుపోయి ఒక లాడ్జి వాళ్లకు అప్పగించింది. అక్కడ వాళ్లు పడిందేమిటో రాయను, మీకు తెలియనిది కాదు. పెద్దది ఎలాగో తప్పించుకుని రైలెక్కింది. చిన్నది అక్కడే ఉండిపోయింది.

నేను అప్పట్లో మహా చురుకైనదాన్ని. ఫైలు ఆగకూడదు, కాగితం తప్పకూడదు. ఆ పిల్లకు మా అంగన్‌వాడీ ఆయమ్మ చేత అన్నం పెట్టించి, ఆటోలో ఎక్కించుకుని రెండు రోజుల్లో రైల్వే పోలీసుల దగ్గరికి, బస్తీ పోలీస్ స్టేషన్‌కు, ఆసుపత్రికి, కమిటీ ముందుకు తిప్పాను. నాలుగు చోట్ల నాలుగు ఫారాలు. ప్రతిచోటా మొదటి నుంచీ చెప్పమన్నారు, ప్రతిచోటా చెప్పింది. ఐదో ఆఫీసులో ఒకాయన పెన్ను మూత తీసి మొదలుపెట్టమ్మా అనగానే పిల్ల ఆయన వైపు చూడకుండా నా వైపు తిరిగింది.

"అందరికీ నేనే చెప్పాల్నా మేడం? మీరు మీరు మాట్లాడుకోరా?"

అంతే, నోరు మూసుకుంది. బతిమాలినా తెరవలేదు. ఆ రాత్రి నాలుగు ఫారాలూ ముందేసుకుని చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది. నాలుగింటిలోనూ ఈ పిల్లకు ఏం జరిగిందో ఉంది. చెల్లెలు ఆ ఊళ్లో ఎక్కడుందో ఒక్కదానిలోనూ లేదు. ఊరి పేరు తప్ప ఇంకేమీ ఎవరూ అడగలేదు, ఫారంలో ఆ గడి లేదు గనక. ఇక ఆ పిల్ల చెప్పదు. లాడ్జివాళ్లు చిన్నదాన్ని ఇంకో ఊరికి దాటించేస్తే మేము చేయగలిగిందీ లేదు.

తెల్లారి ఆయమ్మ ముందు కూలబడ్డాను. ఆవిడ ఛత్రినాకలోనే పుట్టి పెరిగిన ముసల్మాను ఇంటి మనిషి, చదువు రాదు, పిల్లలందరికీ ఖాలా, అంటే పిన్ని. పోలీసులనూ డాక్టరమ్మనూ అందరినీ ఇక్కడికే పిలిపించి ఒక్కసారే అడిగిస్తానంటే, పెదవి విరిచింది.

"కుర్చీలేసుకొని గట్ల మొఖంల మొఖం పెట్టి చూస్తె ఏం చెప్తది మేడం? అందర్ని కింద కూసోమను. చేతులకు పని పెట్టు. అడుగుడు నేనడుగుత."

అలా కుదిరింది మా పద్ధతి. మహిళా హెడ్ కానిస్టేబులు యూనిఫారం మాని చీరలో వచ్చింది. ఆసుపత్రి డాక్టరమ్మ, కమిటీలో ఉన్న రిటైర్డు ఉర్దూ పంతులమ్మ వచ్చారు. హెడ్ కానిస్టేబులుకు ఏదో శిక్షణలో పరిచయమైన అవతలి రాష్ట్రపు బాలల అధికారిణి, ఒక్క ఫోనుకే రాత్రి బస్సెక్కి పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లో దిగింది. రెండు కిలోల చిక్కుడుకాయలు చాటలో పోసి, అందరం చుట్టూ కూర్చుని ఈనెలు తీయసాగాం. డాక్టరమ్మకు అది చేతకాక గింజలు కూడా పారేస్తుంటే ఆయమ్మ గుడ్లురిమింది.

ఎవరెవరో, ఎందుకొచ్చారో పిల్లకు దాచలేదు. ఇష్టం లేకపోతే చెప్పొద్దని కూడా ఆయమ్మ చెప్పింది. పిల్ల చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడి, డాక్టరమ్మ అవస్థ చూడలేక కాబోలు, వచ్చి చాట తన ముందుకు లాక్కుంది. పది కాయలు తుంచాక, ఎవరూ అడగకముందే, తలెత్తకుండా అంది.

"చెల్లెకు దగ్గు ఖాలా. కిటికీ తెరుస్తె మిరపకాయల గిర్నీ ఘాటు. రైలు గేటు పడ్డప్పుడు గంట గొడ్తరు, ఆ గంటలు లెక్కపెట్టుకుంట పండుకునేటోళ్లం."

అవతలి రాష్ట్రపు ఆవిడ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. ఆ కారం మిల్లు, ఆ రైలు గేటు ఎక్కడున్నాయో ఆవిడకు తెలుసు. ఇంకేమీ అడగకుండా లేచి బయటికి పోయి ఫోను చేసింది. అవతల ఠాణావాళ్లు, రాతపూర్వకంగా రానిదే మా హద్దులో వేలు పెట్టొద్దన్నారట. పంతులమ్మ అక్కడికక్కడే ఒకే కాగితం రాసింది, మేం నలుగురం దానికిందే సంతకాలు చేశాం, అవతలి ఆవిడ అయిదో సంతకం పెట్టింది. ఎవరి ఉత్తరం వాళ్లు రాసే అలవాటున్న మాకు అదే మొదటిసారి. హెడ్ కానిస్టేబులు ఆ కాగితం పట్టుకుని అదే పూట ఆవిడతోపాటు బస్సెక్కింది.

మూడో రోజు చిన్నది వచ్చింది, హెడ్ కానిస్టేబులు చీర కొంగు పట్టుకుని, దగ్గుకుంటూ. అంగన్‌వాడీ మెట్ల మీద పొద్దుటి నుంచీ కాచుకున్న పెద్దది లేచి, చెల్లెలి వీపు నిమిరి, లోపలికి తీసుకుపోయి అన్నం కలిపింది. నేను వంటగది తలుపు వెనక నిలబడి ఏడ్చాను. ఆ తర్వాత కోర్టులో జడ్జిగారి ముందు తప్ప ఆ పిల్ల ఆ కథ ఇంకెక్కడా చెప్పాల్సిన పని పడలేదు. అక్కడా ఆయమ్మ పక్కనే కూర్చుంది. లాడ్జివాళ్లకూ, తీసుకుపోయినావిడకూ శిక్ష పడింది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మాది అదే పద్ధతి. ఫోనులో గొంతు వినగానే ఏ ఠాణావాళ్లో, ఏ రాష్ట్రపు ఆవిడో గుర్తుపట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పరిచయాల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి, మనుషులు బదిలీ అయినా పని ఆగదు, అది మంచిదే. మేము అడ్డదారిన నేర్చుకున్నది వీళ్లకు చట్టంగా, గదిగా ఏర్పడింది. ఆ గదిలో ఎక్కడా ఆయమ్మ పేరు లేదన్నది ఒక్కటే నా బాధ. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఏ ఫైలులోనూ ఆవిడ సంతకం లేదు.

ఆ పెద్దపిల్ల ఇప్పుడు ఉప్పుగూడలో బ్లౌజులు కుడుతుంది. చిన్నది నర్సు. పండుగకో పబ్బానికో మా ఇంటికి వస్తారు. ఆ మాట వాళ్లు ఎత్తరు, నేనూ ఎత్తను. మొన్న కేంద్రం చూసి తిరిగొచ్చేసరికి పెద్దది మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది, నేను పొద్దున తెచ్చిపెట్టిన చిక్కుడుకాయలు చాటలో పోసుకుని. ఎక్కడికి పోయొచ్చారని అడిగింది. ఊరికే, ఒక కొత్త ఇల్లు చూసొచ్చానన్నాను. అద్దె ఎంతట, నీళ్లొస్తాయా అంటూ, ఈనెలు తీస్తూ, చీకటి పడేదాకా ఏవేవో మాట్లాడుతూనే ఉంది.